ట్రంపెట్ పూత చేతి దగ్గర లేచిపోతోంది, ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: సెకండ్‌హ్యాండ్‌లో లక్కర్ పూత ఉన్న ట్రంపెట్ కొన్నారు, ఉండేది కాకినాడలో, ఆదివారాలు చర్చిలోనూ అప్పుడప్పుడు బయట ప్రోగ్రాముల్లోనూ వాయిస్తారు. ఎడమ చేత్తో పట్టుకునే చోట పూత పోయి బొటనవేలంత నల్లటి మచ్చ పడింది. బెల్ మీద, అంటే ముందు విచ్చుకున్న మూతి మీద, సన్నటి గీతలున్నాయి. బ్రాస్సో అనే లోహపు పాలిష్‌తో రుద్దమని ఒకరు, చింతపండుతో తోమమని తెలిసిన బ్యాండు పెద్దాయన, మొత్తం బఫింగ్ చేయించి (చక్రం మీద రుద్దించి) కొత్త పూత వేయించమని ఇంకొకరు చెప్పారు. చేత్తో పట్టుకునే చోట చుట్టే తోలు గార్డు వేస్తే చాలా అన్నది మీ సందేహం.

ముందు సమాధానం చెప్పేస్తా. బ్రాస్సో వద్దు, చింతపండు వద్దు, కొత్త పూత అసలే వద్దు. గార్డు వేసుకోండి, కానీ వాయించడం అయిపోగానే విప్పేయండి. వాయించిన ప్రతిసారీ మెత్తటి నూలుగుడ్డతో చెమట తుడిచాకే కేసులో పెట్టండి. ఉన్న మచ్చకి కాస్త మైనం చాలు. ఇరవై రెండేళ్లు బ్యాండులో ట్రంపెట్ వాయించి, ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఇంట్లోనే రిపేర్లు చేసుకుంటున్నవాణ్ణి. నా బల్ల మీదకు వచ్చేవాటిలో వాడకం వల్ల పాడైనవాటి కంటే శుభ్రం చేయబోయి పాడుచేసినవే ఎక్కువ.

లక్కర్ అంటే ఇత్తడి మీద ఉండే పారదర్శకమైన పల్చటి పొర. ఆ మాట మన లక్క నుంచే పుట్టింది, ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేది అదే లక్క. ఇప్పుడు వాయిద్యాలకు వేసేది మాత్రం ఎపాక్సీ, యాక్రిలిక్ లాంటి రసాయనపు పూత. మెరుపు అనేది కింద ఉన్న ఇత్తడిది, ఆ మెరుపుకి గాలీ చెమటా తగలకుండా కాపాడటం పూత పని. కాబట్టి పూత ఉన్నంత వరకూ మీరు ఇత్తడికి పాలిష్ పట్టడం అనే మాటే లేదు, ఎందుకంటే మీ గుడ్డ ఇత్తడిని తాకదు, పూతనే అరగదీస్తుంది. పూత పోయిన చోట ఇత్తడి ముందు గోధుమరంగుకి, తర్వాత నల్లగా తిరుగుతుంది. ఇంకా అశ్రద్ధ చేస్తే పచ్చటి చిలుము పడుతుంది.

మీ మచ్చకి కారణం చెమట. చెమటలో ఉప్పూ ఆమ్లమూ రెండూ ఉంటాయి. అది పూతలో ఎక్కడ చిన్న గీత ఉన్నా అక్కడ నుంచి కిందకి దూరి, పూతని లోపలి నుంచి లేపుతుంది. అందరి చెమటా ఒకటి కాదు. మా బ్యాండులో ఇద్దరం ఒకే రోజు ఒకే మోడల్ ట్రంపెట్లు తీసుకున్నాం, నాది ఆరేళ్లు గడిచినా బాగానే ఉంది, పక్కవాడిది రెండో వేసవికే వాల్వుల (వేళ్లతో నొక్కే మీటల గొట్టాల) పక్కన తాంబూలం వేసుకున్న నోరులా తయారైంది. వాడు నాకంటే బాగా చూసుకునేవాడు కూడా. మీరు సముద్రం పక్కన ఉన్నారు కాబట్టి గాలిలోని ఉప్పు, తేమ దీనికి తోడు. హైదరాబాద్‌లో వారానికోసారి తుడిస్తే గడిచేది కాకినాడలో గడవదు.

చెమట తర్వాత ఉంగరాలు. నా మొదటి మంచి ట్రంపెట్‌కి రెండో నెలలోనే మూడో వాల్వు పక్కన నిలువునా గీతలు పడ్డాయి, అచ్చం పిల్లి గోళ్లతో గీసినట్టు. కేసు బాగాలేదని దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నా. మా గురువుగారు నా ఎడమచేయి తిప్పి చూశారు. మా అమ్మ చేయించిన నవరత్నాల ఉంగరం, అంచులు ఆకురాయిలా ఉన్నాయి. తీస్తే అమ్మ ఊరుకోదు సార్ అంటే, "వాయించేటప్పుడు మెడలో గొలుసుకి తగిలించుకోరా, గ్రహాలకి చేయైనా మెడైనా ఒకటే" అన్నారు. అప్పటి నుంచి అలాగే చేస్తున్నా. ఉంగరం, కడియం, స్టీలు గొలుసు వాచీ, మూడూ వాయించే ముందు తీసేయండి. యూఫోనియం, సూసాఫోన్ లాంటి పెద్దవి వాయించేవాళ్లు బెల్టు బకిల్, యూనిఫాం ఇత్తడి గుండీలు కూడా చూసుకోవాలి. ఒళ్లో పెట్టుకున్న యూఫోనియం వెనక వైపు గీతలన్నీ బకిల్ పనే.

తుడవడం గురించి కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే అందరూ తుడుస్తున్నాం అంటారు గానీ ఎక్కడ తుడవాలో అక్కడ తుడవరు. ముందు బయట దుమ్ములో వాయించి ఉంటే గుడ్డ పెట్టకండి. ఊరేగింపు దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది, ఇసుక మీద గుడ్డ లాగితే అది గరుకు కాగితమే. బెల్ మీద మీరు చెప్పిన సన్నటి గీతల్లో సగం ఇలా వచ్చినవే అయి ఉంటాయి. మెత్తటి మేకప్ బ్రష్ లాంటిదానితో దులపండి, లేదా గుడ్డని విసనకర్రలా విసిరి దులపండి. తర్వాత పొడిగుడ్డని కొంచెం నోటి ఆవిరితో చెమ్మ చేసి, చేతులు తగిలే నాలుగు చోట్ల తుడవండి: ఎడమ అరచేయి ఆనే వాల్వుల పక్క, మూడు వాల్వుల మధ్య ఉండే సందులు, కుడి బొటనవేలు ఆనే మొదటి రెండు వాల్వుల మధ్య, మొదటి స్లైడు (ముందుకూ వెనక్కూ జరిగే చిన్న గొట్టం) దగ్గర ఎడమ బొటనవేలి చోటు. సందుల్లోకి గుడ్డ పోదు. గుడ్డని అంగుళం వెడల్పు పట్టీగా చించి, రిబ్బన్‌లా దూర్చి అటూ ఇటూ లాగాలి. వేగంగా లాగకండి, గుడ్డ అంచు కుట్టు ఉంటే ఆ కుట్టు కూడా గీస్తుంది. చివరికి పొడిగుడ్డతో ఒకసారి. అంతా కలిపి రెండు నిమిషాలు.

గుడ్డకి డబ్బు పెట్టక్కర్లేదు. యాభైసార్లు ఉతికిన నూలు పంచె ముక్కని మించింది నేను చూడలేదు. మైక్రోఫైబర్ గుడ్డ కూడా మంచిదే, కాకపోతే అది దుమ్ముని పట్టుకుని వదలదు, కిందపడితే దులిపి సరిపెట్టకుండా ఉతకాల్సిందే. వాల్వు ఆయిల్ తుడిచే గుడ్డ వేరు, పైన తుడిచే గుడ్డ వేరు. ఇంకోటి, చెమట తుడిచిన తడిగుడ్డని కేసులో వేసి మూత పెట్టే అలవాటు చాలామందికి ఉంది, అది రాత్రంతా ట్రంపెట్‌కి ఆవిరి పట్టించినట్టే.

తోలు గార్డు సంగతి. మంచిదే, ఉంగరాన్నీ చేతినీ అడ్డుకుంటుంది. కానీ తోలు చెమటని పీల్చి తనలోనే దాచుకుంటుంది. ఒక కుర్రాడు కొత్త ట్రంపెట్‌కి మొదటిరోజే లేసులు బిగించి, ఏడాది పాటు విప్పలేదు, ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నానో చూడన్నా అని గర్వంగా తెచ్చాడు. నేను లేసు విప్పా. లోపల ఇత్తడి మీద లేసు ఎక్కడెక్కడ అడ్డంగా పోయిందో అక్కడక్కడ పచ్చటి చిలుముతో ముగ్గేసినట్టు ఉంది. గార్డు లేకపోతే వాడికి ఏదో ఒక మచ్చ పడేది, అంతే. అందుకే లేసులది కాకుండా వెల్క్రోది తీసుకోండి, వాయించడం అవగానే చర్రుమని పీకి, కింద తుడిచి, గార్డుని విడిగా ఆరనివ్వండి. వెల్క్రో గరుకు వైపు మాత్రం పూతకి తగలకూడదు, వేసేటప్పుడు తీసేటప్పుడు అదే పెద్ద ప్రమాదం. చర్చిలో గంట వాయించడానికి తెల్ల నూలు గ్లవ్స్ కూడా నడుస్తాయి, మొదట పట్టు జారుతున్నట్టుంటుంది, అలవాటవుతుంది.

గీతలూ సొట్టలూ ఎక్కువగా వాయించేటప్పుడు పడవు, వాయించడం ఆపినప్పుడు పడతాయి. కుర్చీ మీద పడుకోబెట్టిన ట్రంపెట్ మీద ఎవరో పాటల పుస్తకం పెడతారు, ఇంకెవరో కూర్చోబోతారు. చిన్న మడత స్టాండు కొనుక్కోండి, దాని కొమ్మకి ఫెల్టు ఉందో లేదో చూసి కొనండి. నేల మీద బెల్ ఆనించి నిలబెట్టకండి, బెల్ అంచు పూత మొదట పోయేది అలాగే. కేసులో మౌత్‌పీస్‌కి, అంటే నోటికి ఆనించే ముక్కకి, వేసిన గుంటలోనే మౌత్‌పీస్ పెట్టండి, ఊరికే వదిలేస్తే బస్సు గుంతల్లో పడినప్పుడల్లా అది లోపల సుత్తిలా కొడుతుంది. నోట్స్ కాగితాలు, ఛార్జరు, మైకు వైర్లు కేసులో కుక్కి మూత బలవంతంగా నొక్కేవాళ్లకి నేను చెప్పేది ఏమీ లేదు, నాకు పని దొరుకుతుంది. ట్రంపెట్ బెల్ రేకు మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ. శుభలేఖ అట్ట కంటే కొంచెం ఎక్కువ, అంతే.

ఇప్పుడు బ్రాస్సో. ఇలాంటి లోహపు పాలిష్‌లన్నింటిలో సన్నటి రాపిడి పొడి ఉంటుంది. పూత మీద రుద్దితే ముందు పూత మసకబారుతుంది, ఆ పైన గీతలు, ఆ పైన అక్కడక్కడ పూత లేచిపోయి మచ్చల చిరుతలా అవుతుంది. ఒకసారి అలా అయ్యాక వెనక్కి రాదు. మీ దానికి నిజంగా లక్కరే ఉందా అని అనుమానం ఉంటే, కనపడని మూల ఒక చుక్క పాలిష్ గుడ్డకి రాసి మెల్లగా రుద్దండి. గుడ్డ నల్లబడితే కింద ఉన్నది వట్టి లోహం, నల్లబడకపోతే పూత ఉన్నట్టు. అంతకుమించి ఆ సీసా మూత తీయకండి.

చింతపండు చెప్పిన బ్యాండు పెద్దాయన తప్పు చెప్పలేదు, తన వాయిద్యానికి సరిపోయేది చెప్పాడు. మన పెళ్లి బ్యాండు మేళాల్లో ఉండేవి చాలావరకు మీరట్ సరుకు, అక్కడి జాలీ కోఠీ ప్రాంతం దీనికే పేరు, 1885 నుంచి బ్యాండు వాయిద్యాలు చేస్తున్న కంపెనీ కూడా అక్కడ ఉంది. వాటిలో చాలా వాటికి లక్కర్ ఉండదు, వట్టి ఇత్తడి, లేదా పైన నికెల్. వట్టి ఇత్తడి బిందెని మీ అమ్మగారు చింతపండుతో ఎలా తోముతారో ఆయన తన యూఫోనియంని అలా తోముతాడు. చింతపండులోని ఆమ్లం నల్లదనాన్ని కరిగిస్తుంది కాబట్టి తళతళ మెరుస్తుంది కూడా. అక్కడా ఒక చిక్కు ఉంది. ఎక్కువసేపు పట్టించి వదిలేస్తే ఇత్తడిలోని జింక్ ముందు పోయి, పైన రాగి మిగిలి గులాబీ రంగు తేలుతుంది. సరిగ్గా కడగకపోతే అతుకుల దగ్గర ఇరుక్కున్న పులుపు వారంలో మళ్లీ చిలుము తెస్తుంది. పూత ఉన్నదానికి అయితే ఆ పులుపు మీ మచ్చ అంచు నుంచి పూత కిందకి పాకుతుంది. పీతాంబరి పొడికీ ఇదే మాట, దేవుడి దీపాలకి వాడుకోండి.

చాలా పాలిష్‌లలో అమోనియా కూడా ఉంటుంది, ముక్కుకి తగిలే ఆ ఘాటు అదే. ఇత్తడికీ అమోనియాకీ పాత పగ. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే సైన్యం తూటాల ఇత్తడి తొడుగులు వానాకాలం వచ్చేసరికి వాటంతటవే పగిలిపోయేవి. కారణం 1921లో గానీ సరిగ్గా తేలలేదు: వాటిని గుర్రపుశాలల్లో దాచేవారు, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, వాన తేమ, సాగగొట్టిన ఇత్తడిలో మిగిలి ఉండే బిగువు, మూడూ కలిసి చీల్చేసేవి. కథ కోసం చెప్పడం లేదు. పల్లెల్లో బ్యాండు వాళ్ల ఇళ్లలో మూఢం రోజుల్లో వాయిద్యాలని పశువుల కొట్టంలో దూలానికి వేలాడదీయడం నేను కళ్లారా చూశా. ట్యూబు వంపు దగ్గర వెంట్రుకవాసి పగులుతో వచ్చిన, ట్రంపెట్ లాంటిదే ఒక కార్నెట్‌ని ఎక్కడ ఉంచావయ్యా అని అడిగితే గేదెల పాక అన్నాడు. అది ఒక్కటే కారణమని ఒట్టేసి చెప్పలేను గానీ, ఆ తర్వాత ఇంట్లో పెట్టుకోమని మాత్రం చెప్పా.

కొత్త పూత ఎందుకు వద్దంటున్నానంటే, పూత వేసే ముందు పాతదంతా తీసి చక్రం మీద బఫింగ్ పట్టాలి, అప్పుడు లోహం కూడా కొంత పోతుంది. పైన చెప్పాగా, అర మిల్లీమీటరు రేకు. గీతలన్నీ పోవాలని పట్టుబట్టి రుద్దితే బెల్ మీద చెక్కిన పేరు చెరిగిపోతుంది, అతుకుల అంచులు గుండ్రబడతాయి, తర్వాత అమ్మబోతే తెలిసినవాడు చూడగానే ధర తగ్గిస్తాడు. ఒకాయన నా మాట వినకుండా వేరే చోట చేయించి తెచ్చాడు, దూరం నుంచి బంగారంలా ఉంది, దగ్గరికి వస్తే సీరియల్ నంబరులో సగం అంకెలు కనిపించలేదు. పూత పోతే వాయిద్యం చెడిపోదు. పూత అరిగిన ట్రంపెట్లతో జీవితమంతా వాయించినవాళ్లు ఎందరో ఉన్నారు.

మరి ఉన్న మచ్చకి? గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క బేబీ షాంపూ కలిపి, గుడ్డ ముంచి పిండి, మచ్చ చుట్టూ తుడిచి, మంచినీళ్ల గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. పూర్తిగా ఆరాక కార్లకి వాడే కార్నౌబా మైనం బియ్యపుగింజంత తీసుకుని మచ్చ మీదా దాని అంచు మీదా పల్చగా రాసి, పది నిమిషాలాగి తుడిచేయండి. డబ్బా మీద క్లీనర్ అనో కాంపౌండ్ అనో రాసి ఉంటే అది వద్దు, అందులో రాపిడి పొడి ఉంటుంది. నల్లరంగు పోదు, ఇంకా పెరగడం మాత్రం నెమ్మదిస్తుంది. నెలకోసారి, మీ ఊళ్లో అయితే పదిహేను రోజులకోసారి రాయండి. మచ్చ మీద రంగులేని నెయిల్ పాలిష్ రాసేవాళ్లున్నారు. నేనూ ఒకసారి ప్రయత్నించా, రెండు నెలల్లో పొలుసులుగా లేచి, కింద చెమట ఇరుక్కుని, ముందుకంటే అసహ్యంగా తయారైంది.

లోపల కడిగేటప్పుడు మరుగునీళ్లు పోయకండి, వేడికి పూత బుడగలు లేస్తుంది. చేయి హాయిగా పెట్టగలిగే వేడి చాలు. ఎండలో ఆపిన కారులో వదిలేయకండి. శానిటైజర్ రాసుకున్న చేతులు ఆరకుండా పట్టుకోకండి, అందులోని ఆల్కహాల్ కొన్ని పాత పూతల్ని మెత్తబరుస్తుంది. కోవిడ్ తర్వాత వేలిముద్రలు అచ్చుపడిన ట్రంపెట్లు రెండు నా దగ్గరికి వచ్చాయి.

మీకు అవసరం లేకపోయినా చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. దసరా ఆయుధ పూజకి వాయిద్యానికి తడి గంధం, పసుపు, కుంకుమ బొట్లు పెట్టి, తడి బంతిపూల దండ వేసి, మర్నాటి వరకూ అలాగే ఉంచుతారు. బొట్టు ఆకారంలోనే మచ్చ మిగులుతుంది. మా ఇంట్లో బొట్టు కేసు మూతకి పెడతాం, దండ కేసుకే వేస్తాం. అమ్మవారు ఇంతవరకూ ఏమీ అనలేదు.

వెండి పూత ఉన్నవాళ్లకి ఈ లెక్క కొంచెం మారుతుంది. వెండిని నల్లబరిచేది గంధకం, కాబట్టి రబ్బరు బ్యాండ్లు, రబ్బరు పట్టలు కేసులో ఉండకూడదు. నల్లబడితే వెండికి ప్రత్యేకంగా దొరికే గుడ్డతో, అదీ ఏడాదికి రెండు మూడుసార్లే రుద్దండి, ఎందుకంటే రుద్దిన ప్రతిసారీ కొంత వెండి గుడ్డకి పోతుంది.

ఒక్కటి మాత్రం మీరు ఈరోజే చూడండి, సెకండ్‌హ్యాండ్ అన్నారు కాబట్టి. మౌత్‌పీస్ దూర్చే గొట్టం, లీడ్‌పైప్, దాని మీద పొడవునా గులాబీ రంగు చుక్కలు, మధ్యలో నల్లటి లేదా పచ్చటి పొక్కులాంటివి ఉన్నాయేమో వెతకండి. అవి పైనుంచి వచ్చేవి కావు. ఉమ్ము తడి లోపల నిలిచిపోయి జింక్‌ని తినేస్తే, లోపలి నుంచి బయటికి వచ్చే కుళ్లు అది. మైనం, గార్డు, గుడ్డ ఏవీ దానికి పనిచేయవు, ఎప్పుడో ఒకప్పుడు ఆ గొట్టం మార్చాల్సిందే. మీ చేతి దగ్గరి మచ్చ అలాంటిది కాదని వర్ణన బట్టి అనిపిస్తోంది. లీడ్‌పైప్ మీద అలాంటి చుక్కలు కనిపిస్తే మాత్రం పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.